లువైజీ వాటా

అడగకూడదు, అడిగితే తెలిసినట్టవుతుంది, తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది, చెయ్యడానికేముందో తోచదు కనక అడక్కుండా ఉండటమే మేలు అనుకుంటూ ఫానుయేల్ బండి వెనక రేకు మీద ఇంకో బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు ఎర్రగా కిందికి జారాయి. నిన్న వేట లేదు. మొన్న కూడా లేదు.

వేట శిబిరంలో అతనిది తోళ్ళు ఒలిచే పని. వేట నుంచి వచ్చిన బండిని కడగడమూ అతని పనే. అడవిదున్నదైనా, జింకదైనా ఇదే చీపురుతో కడిగేవాడు. కడుగుతున్నంతసేపూ ఈల వేసేవాడు. ఇవాళ వెయ్యకపోతే ఎవరైనా గమనిస్తారేమో అనిపించింది. పెదవులు చుట్టాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

నిన్న పొద్దున్న శిబిరం యజమాని బారీ ఈ బండి తాళాలు బడిలో ఉన్న కుర్రాళ్ళకిచ్చాడు. మొదటి విడత ఓట్లలో అధికార పార్టీ వెనకబడిన దగ్గర్నుంచీ ఆ బళ్ళో పాఠాలు లేవు. పార్టీ కుర్రాళ్ళు కర్రలు పట్టుకొచ్చి అందులో మకాం పెట్టారు. రెండో విడత లోపల జాంబెజీ లోయ మొత్తానికీ సరిగ్గా ఓటెయ్యడం నేర్పుతారట. వాళ్ళ నాయకుడు మీసాలు సరిగ్గా రానివాడు, కామ్రేడ్ పిడుగు అని పిలిపించుకుంటాడు. ఫానుయేల్ తండ్రి తరం వాళ్ళు తెల్లవాళ్ళ ప్రభుత్వం మీద తుపాకులెత్తి ఇదే అడవిలో దాక్కున్నప్పుడు ఒకరినొకరు పిలుచుకున్న మాట ఆ కామ్రేడ్. ఇప్పుడు ఆ మాట వినిపిస్తే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి తలుపేసుకుంటున్నారు.

తమ ఊరి లువైజీని ఆ బడికి ఎక్కించుకుపోయింది ఈ బండిలోనే. ఊరందరికీ తెలుసు. ఓటు పెట్టె దగ్గర అవతలి పార్టీ మనిషిగా కూర్చున్నందుకు.

బారీ మాత్రం ఏం చేస్తాడు? బండి ఇవ్వకపోతే ఈ అడవిలో వేటాడే హక్కు అతనికుండదు. హక్కు పోతే శిబిరం పోతుంది. శిబిరం పోతే... ఇక్కడ ఫానుయేల్ ఆగిపోయాడు. బారీ తరఫున ఇంత బాగా వాదించడం తను ఎప్పుడు నేర్చుకున్నాడు? బారీ తనని అడగను కూడా అడగలేదే. అతనికి తన మీదే చిరాకేసింది. చీపురు గట్టిగా అదిమి రుద్దాడు.

"వేట బాగా సాగినట్టుందే!"

స్టైనర్ దొర. ఏనుగు వేట కోసం ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు. అక్కడ ఆయనకి రాతి క్వారీలున్నాయట. మెత్తని మనిషి, పనివాళ్ళందరి పేర్లూ గుర్తుపెట్టుకున్నాడు. వెనకాలే వచ్చిన బారీ ఫానుయేల్ నోరు తెరవకముందే అందుకున్నాడు.

"వంటకి మేకని తెప్పించాం."

"ఓహో." స్టైనర్ కాసేపు ఆ నీళ్ళకేసి చూశాడు. చూపు తిప్పుకుని ఫానుయేల్‌తో మాట్లాడాడు. "నీకు తెలుసా, మా ఆవిడ వెళ్ళొద్దంది. పేపర్లలో మీ దేశం గురించి రోజూ ఏదో ఒకటి. నేనూ చాలా ఆలోచించాను. స్నేహితుల్నడిగాను. చివరికి నాకొకటి తోచింది. నేను రాకపోతే మీకు మాంసం ఎవరిస్తారు? ఆ ఏనుగు ఒక ఊరి ఆకలి తీరుస్తుంది కదా. నేను రావడమే న్యాయం అనిపించింది." కాస్త సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "చెప్పు ఫానుయేల్, వచ్చి మంచిపని చేశానా?"

బారీ తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

"మంచిపనే దొరా," అన్నాడు ఫానుయేల్.

ఆ మాట తర్వాత చాలాసేపు అతన్ని వదల్లేదు. ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చుని వెళ్ళాలా వద్దా అని ఆలోచించుకున్నాడు. ఎటు తేల్చుకున్నా మళ్ళీ అదే కుర్చీ ఉంటుంది. తేల్చుకున్నాక కూడా ఇంకొకరి చేత సరే అనిపించుకోవాలని ఎందుకో? అనిపించుకోవడానికి తనే దొరకాలా? దొరికాడు. సరే అన్నాడు. ఎంత తొందరగా అన్నాడు!

*

నలుగురు ఒకచోట నిలబడితే పార్టీ కుర్రాళ్ళు సభ అంటున్నారు, సభ అంటే కొడుతున్నారు. నీళ్ళ దగ్గర వరసని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. మధ్యాహ్నం ఎండిన ఏట్లో చెలమల చుట్టూ ఊరు ఊరంతా గిన్నెలు పెట్టుకుని కూర్చుంది. ఫానుయేల్ డబ్బా తీసుకుని వెళ్ళేసరికి ఊరి వరసన అతనికి వదినయ్యే కెటినా మోకాలి లోతు గుంటలో దిగి నీళ్ళు తోడుతోంది.

"ఏం మరిదీ, చేతులు సబ్బు వాసనేస్తున్నాయి. పెళ్ళిచూపులకెళ్తున్నావా?"

"బండి కడిగాను వదినా."

నవ్వబోయిన వాళ్ళు నవ్వలేదు. వరస చివర కూర్చున్న కెరెసియా అవ్వ తలెత్తింది. ఆమె లువైజీ తల్లి.

"ఎంతుంది రా?"

"ఏంటవ్వా?"

"నెత్తురు. ఎంతుంది?"

"కొంచెమే."

"కొంచెమంటే? కోడిని కోసినంతా? మేకని కోసినంతా?"

ఫానుయేల్ ఇసుకలోకి చూశాడు. "మధ్యరకం అవ్వా."

ఆమె తలాడించింది. కూతురి ఇంటి నుంచి కబురేదో విన్నట్టు మెల్లగా ఆడించింది. "అయితే బతికే ఉంటాడు," అంది. "బతికుండగానే వదలమని అడగాలి. ఒక్కొక్కరం వెళ్తే ఒక్కొక్కరినీ లోపలేస్తారు. అందరం ఒకేసారి అడగాలి. ఎక్కడ అడుగుతాం?"

"రేపు దొర ఏనుగుని కొట్టాక మాంసం దగ్గరికి అందర్నీ రమ్మన్నారుగా," అన్నాడొక ముసలాయన. "పార్టీ కార్డు చూపించి, పిడికిలెత్తి జై కొట్టినవాడికే ముక్క. దొర ఫొటోలు తీసుకుంటాడట. ఆ దొర ఉన్నంతసేపూ కర్ర ఎత్తొద్దని బారీ ఆ కుర్రాళ్ళ దగ్గర మాట తీసుకున్నాడు. డ్రైవరు చెప్పాడు."

"అయితే మాంసం ముట్టొద్దు," అంది కెరెసియా అవ్వ. "దొర ముందే వాణ్ణి అడగాలి."

గుంటలోంచి కెటినా గిన్నె విసిరికొట్టింది. "ముట్టొద్దా? బాగా చెప్పావు! మా పొయ్యి మీద మొక్కజొన్న సద్జా ఉడికి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? పిల్లలు బావోబాబ్ చెట్టు గింజలు చప్పరిస్తున్నారు. కళ్ళముందు కొండంత మాంసం పెట్టుకుని నేను నోరు కుట్టుకోవాలా? నీ కొడుకు కోసం నా బిడ్డలు..." మాట మింగేసింది. ఎవరూ ఆమెని తప్పుపట్టలేదు. అందరి కడుపులూ అదే అంటున్నాయి.

"ముట్టనంటే పార్టీకి ఎదురు తిరిగినట్టే," అన్నాడు ముసలాయన. "దొర విమానం ఎక్కాక మన వీపులు ఏమవుతాయి?"

కెటినా చెయ్యి చాపి ఫానుయేల్ డబ్బా లాక్కుని నింపసాగింది. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో ఆమెకి తెలియనట్టుంది.

"నీకేం బాబూ, నువ్వు పెట్టి పుట్టావు. మీది ఏనుగు వంశం. ఎవరి వంశపు జంతువుని వాళ్ళు తింటే పళ్ళు ఊడతాయి, తినమన్నవాడిని పెద్దల ఆత్మలు పట్టుకుంటాయి. వద్దంటే ఆ పిడుగు గాడు కూడా కిక్కురుమనడు. మాకూ ఒక ఏనుగు వంశం ఉంటేనా..."

"ఉంటే?" అంది కెరెసియా అవ్వ.

కెటినా తోడటం ఆపింది. వరసంతా మెల్లగా ఫానుయేల్ వైపు తిరిగింది.

"అదేం మాట!" అన్నాడతను. "వంశమంటే చొక్కానా, మార్చుకోడానికి? మీది చేప వంశం వదినా, అందరికీ తెలుసు. నువ్వు ఏనుగు తినడం నేనే చూశాను. పెద్దలతో ఆటలా?"

ఎందుకంత గట్టిగా అన్నాడో అతనికే అర్థం కాలేదు. పెద్దల భయమా? కాదేమో. ఈ లోయలో తనకంటూ మిగిలింది అదొక్కటే. ఎప్పుడు ఏనుగు పడ్డా ఊరంతా కత్తులతో ఎగబడుతుంటే తనొక్కడే పక్కన నిలబడేవాడు, ఆ నిలబడటంలో ఒక రహస్యమైన గర్వం ఉండేది. దాన్నిప్పుడు గిన్నెలు పట్టుకుని అందరూ పంచుకుంటామంటున్నారు.

కెరెసియా అవ్వ అతన్ని జాలిగా చూసింది.

"ఒరే ఫానుయేలూ, మీ వంశం జంతువుని జీతానికి ఒలుస్తున్నావు. అప్పుడు పెద్దలు నిన్నేమైనా అడిగారా?"

*

మర్నాడు మోపానే చెట్ల మధ్య ఏనుగు పక్కకి ఒరిగి పడి ఉంది. గద్దలు అప్పటికే కొమ్మల మీద చేరాయి. ఊరంతా వచ్చి ఇసుకలో కూర్చుంది. మామూలుగా అయితే ఈపాటికి తోపులాటలు, తిట్లు, నవ్వులు, కాలేయం కోసం కొట్లాటలు. ఇవాళ ఈగల చప్పుడు వినిపిస్తోంది. స్టైనర్ కెమెరా సర్దుకుంటున్నాడు. పిడుగు, అతని కుర్రాళ్ళు కర్రల్ని బండి కింద దాచి, ఎర్ర టోపీలతో బుద్ధిమంతుల్లా నిలబడ్డారు.

ఫానుయేల్ కత్తి, గొడ్డలి పట్టుకుని ఏనుగు తల దగ్గర ఉన్నాడు. తోలు కింద వెచ్చదనం అరచేతికి తగులుతోంది. పొద్దున్నుంచీ అతను ఒకటే అనుకుంటున్నాడు: వీళ్ళు ఆ మాట అనలేరు. కెటినా మొదట లొంగిపోతుంది. లొంగిపోతే బాగుండు. ఛీ, ఇదేం కోరిక?

"కెటినా!" పిలిచాడు పిడుగు. "కార్డు తియ్యి. పిడికిలెత్తు. ముక్క పట్టుకెళ్ళు."

కెటినా లేచింది. కుర్రాడొకడు అప్పటికే తొడ నుంచి పెద్ద ముక్క కోసి ఆకు మీద పెట్టాడు. ఆమె దాన్ని చూసింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మాది ఏనుగు వంశం కామ్రేడ్. మేం తినం."

"ఎప్పట్నుంచి?"

"పుట్టుక నుంచి. మరి వంశం మధ్యలో వస్తుందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పిడుగు నవ్వలేదు. ముసలాయన్ని పిలిచాడు. ముసలాయన కర్ర ఊతంగా లేచి, "మాదీ ఏనుగే నాయనా," అని కూర్చున్నాడు. ఇంకొకామె. ఇంకొకతను. గొంతులు మొదట సన్నగా, తర్వాత్తర్వాత తేలిగ్గా వచ్చాయి. ఏనుగు. ఏనుగు. మాదీ ఏనుగే.

"రాత్రికి రాత్రి అందరికీ తొండాలు మొలిచాయా?" అరిచాడు పిడుగు. "పోయినేడు ఎముకలు కూడా మిగల్చలేదు కదరా మీరు!"

"అందుకే పళ్ళు ఊడాయి," అని ముసలాయన బోసినోరు తెరిచి చూపించాడు.

ఈసారి అందరూ నవ్వారు. టోపీ కుర్రాళ్ళలో ఒకడు కూడా నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. పిడుగు చూపు బండి కిందికి వెళ్ళింది. అక్కణ్ణుంచి కెమెరా మీదికి వెళ్ళింది.

"వాళ్ళెందుకు తీసుకోవడం లేదు?" అన్నాడు స్టైనర్.

"ఏదో వాళ్ళ ఆచారం," అన్నాడు బారీ.

"ఊరంతా తింటారన్నావుగా? వాళ్ళు తినకపోతే మరి నేను దీన్నెందుకు చంపాను?"

అప్పుడు కెరెసియా అవ్వ లేచి పిడుగు వైపు తిరిగింది.

"మా ఇంట్లో ఏనుగు తినేవాడు ఒక్కడే బాబూ, నా కొడుకు లువైజీ. బిడ్డకి తండ్రి వంశమే కదా, వాళ్ళ నాన్నది మొసలి. వాడు మీ బళ్ళో ఉన్నాడు. వాణ్ణి తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టు. నడవలేకపోతే మేం మోసుకెళ్తాం. వాడి వాటా వాడి చేతిలో పెట్టు."

ఆ పేరు మొన్నటి నుంచి ఎవరూ పైకి అనలేదు. కెటినా మళ్ళీ లేచి నిలబడింది.

"మా ఇంటి వాటా కూడా లువైజీకే ఇవ్వండి."

"మాదీ లువైజీకే."

"మాదీ."

వరస పొడుగునా ఆ పేరు పాకింది. ఒక్కొక్కరూ లేచి, పేరు చెప్పి, కూర్చున్నారు. పిల్లలు కూడా చెప్పారు. స్టైనర్ కెమెరా దించాడు. "లువైజీ ఎవరు?" అనడిగాడు. బారీని అడిగాడు, టోపీ కుర్రాళ్ళని అడిగాడు.

"చాలు!" అన్నాడు పిడుగు. ముఖం మీద చెమట తుడుచుకుని, కాస్త తెలిసిన చోటు వెతుక్కుంటున్నవాడిలా ఫానుయేల్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. నీదేం వంశం?"

"ఏనుగు," అన్నాడు ఫానుయేల్.

అందరికంటే పెద్దగా నవ్వింది పిడుగే. "వీడొక్కడే నిజం చెప్పాడు! తినకు. నిన్ను తినమన్నదెవరు? దంతాలు తియ్యి. దొరకి ఆలస్యమవుతోంది."

ఊరు నవ్వలేదు. ఫానుయేల్ చెవులు వేడెక్కాయి. అంతమంది నోట బరువెక్కిన మాట తన నోట్లోంచి మాత్రం ఖాళీ గిన్నెలా దొర్లింది. వాళ్ళు ఆకలిని పణంగా పెట్టి ఆ మాట కొన్నారు. తనకది పుట్టుకతో ఉచితంగా వచ్చింది. తినకపోవడం వల్ల తనకి ఏనాడూ ఏమీ పోలేదు. తినకుండానే ఎన్ని ఏనుగుల్ని ఒలిచాడో! వద్దు అనడం తనకి అసలు వచ్చా? గొడ్డలి చేతిలో ఉంది. దంతం మొదట్లో ఎక్కడ పెట్టాలో చేతికి తెలుసు, చెయ్యి అప్పుడే ఎత్తుకుంటోంది కూడా. పని పోతే అతని ఇంట్లోనూ బావోబాబ్ గింజలే. కాదంటే లువైజీ ఉన్న బడికెళ్ళే దారి ఎలాగూ దగ్గరే.

"ఏంట్రా, వినపడలేదా?" అన్నాడు పిడుగు.

"ఫానుయేల్," అన్నాడు బారీ మెత్తగా. ఆ మెత్తదనం అతనికి బాగా పరిచయం.

ఏదైనా అనాలని చూశాడు. పనికొచ్చే మాటలన్నీ ఊరివాళ్ళు వాడేశారు. గొడ్డలి ఇసుకలో పెట్టాడు. దాని పక్కన కత్తి పెట్టాడు. ముందు కట్టుకున్న తోలుగుడ్డ ముడి విప్పి వాటి మీద వేశాడు. అతను ఏనుగు తల చుట్టూ తిరిగి, ఎండలో నాలుగడుగులు వేసి, వరస దగ్గరికొచ్చాడు.

కెటినా పక్కకి జరిగింది. అతను ఆమెకీ కెరెసియా అవ్వకీ మధ్య ఇసుకలో కూర్చున్నాడు.