వెనక తెర లేని కెమెరా

ఫోటోల విషయంలో గ్రేస్ ఎవరి మాటా వినే రకం కాదు. నాచారం, లాలాపేట్, మల్కాజిగిరి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ పదేళ్ళుగా ఫోటోలు తీస్తున్న మనిషి. పెళ్ళికొడుకు తండ్రి ఎవరైనా "ఇటు నుంచి తియ్యి బిడ్డా, మంచిగొస్తది" అన్నాడా, అంతే సంగతులు. "అయితే మీరే తియ్యున్రి" అని కెమెరా ఆయన చేతిలో పెట్టేస్తుంది. అంతటి గ్రేస్ దగ్గర కన్నతల్లి నవ్వుతున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

మరియమ్మకి ఎత్తుపళ్ళు. నవ్వొస్తే చాలు, చీరకొంగు నోటికి అడ్డం పోతుంది. కొంగు జారిన క్షణంలో ఎవరైనా ఫోటో తీశారంటే "సూపియ్యి" అని చెయ్యి చాస్తుంది. చూసి, మూతి ముడిచి, తన వేలితోనే డిలీట్ నొక్కుతుంది. ఎక్కడ నొక్కాలో నేర్పిన మహాతల్లి కూడా గ్రేసే! ఒకసారి మాత్రం ఒక ఫోటో దాచి, చుట్టాల గ్రూపులో పెట్టింది. ఇక చూడండి, మరియమ్మ నెల రోజులు కూతురితో మాట్లాడితే ఒట్టు. అప్పటినుంచి తల్లికి చూపించకుండా ఏ ఫోటో దాచనని గ్రేస్ మాటిచ్చింది, ఆ మాట మీదే ఉంది.

ఇప్పుడు ఆ పళ్ళకే గండం వచ్చింది. చిగుళ్ళు పాడై పైవరస ముందు పళ్ళన్నీ కదులుతున్నాయి, బుధవారం అన్నీ పీకేస్తామని డాక్టర్ చెప్పాడు. మరియమ్మకి పండగే.

"పీడ పోతది బిడ్డా. కట్టుడు పండ్లు వరుసగ పెట్టిచ్చుకుంట. అప్పుడు తీసుకో, ఎన్ని ఫోటోలు దీసుకుంటవో."

గ్రేస్‌కి మాత్రం ఇది పండగ కాదు. ఆ నవ్వంటే దానికి ప్రాణం. చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే వీధి మొగలో ఉండగానే వినపడే నవ్వు అది. బుధవారం దాటితే ఆ నవ్వూ ఆ ముఖమూ ఇంకెక్కడా ఉండవు. పెళ్ళిళ్ళలో వాడే పెద్ద కెమెరా తీస్తే మరియమ్మ తుపాకీని చూసినట్టు బిగుసుకుపోతుంది. అందుకని శనివారం గ్రేస్ ఉప్పల్ వెళ్ళింది.

ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర సందులో జగన్మోహన్‌కి పాత కెమెరాల కొట్టుంది. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తనకోసం ఒక రేంజ్‌ఫైండర్ కొనుక్కోవాలని గ్రేస్ ఏడాదిగా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. చేతిలో ఒదిగిపోయే చిన్న కెమెరా, నొక్కితే చప్పుడు కూడా సరిగా రాదు. ఈ రకం కెమెరాలో లెన్స్‌లోంచి చూడరు. మూలన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తారు. మనిషి రెండుగా కనిపిస్తే లెన్స్ తిప్పి ఆ రెండు బొమ్మల్నీ ఒకటి చెయ్యాలి. అప్పుడే ఫోటో పదునుగా పడుతుంది.

ఆయన బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి డిజిటల్, ఒకటి ఫిల్ముది.

"రెండూ పట్టుకెళ్ళమ్మా. ఆదివారమంతా వాడి చూసుకో. ఒకటి ఉంచుకుని ఒకటి సోమవారం తెచ్చివ్వు. నన్నడిగితే డిజిటలే నయం. పడిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోద్ది."

"నాకు తీసేటప్పుడే తెలుస్తదన్నా," అంది గ్రేస్. గొప్పలు పోవడంలో తల్లి పోలిక కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మెట్ల మీద ఎదురింటామెతో మాట్లాడుతూ మరియమ్మ ఏదో తల్చుకుని నవ్వింది. గ్రేస్ చేతిలో డిజిటల్ కెమెరా సిద్ధంగా ఉంది. చటుక్కున నొక్కింది. పడింది! కొంగు ఇంకా భుజం దగ్గరే ఉంది, నవ్వు నిండుగా ఉంది. గ్రేస్ గుండె ఎగిరి గంతేసింది.

"సూపియ్యి," అంది మరియమ్మ చెయ్యి చాపి.

"అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, గీ ఒక్కటి ఉంచమ్మా."

"మాటిచ్చినవా లేదా?"

ఇచ్చింది కదా మరి. మరియమ్మ చూసింది, "థూ, గుర్రం లెక్కున్న" అంది, నొక్కేసింది. పోయింది. గ్రేస్‌కి ఏడుపే తక్కువ.

మధ్యాహ్నం మరియమ్మ వంటింట్లో పీట వేసుకుని జొన్నరొట్టెలు చేస్తోంది. రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. గ్రేస్ ఫిల్ము కెమెరా పట్టుకుని గుమ్మం పక్కన చతికిలబడింది.

"మల్లొచ్చినవా? తీసినంక సూపియ్యాలె."

"దీంట్ల కనపడదమ్మా. సూడు, వెనక టీవీ లేదు." గ్రేస్ కెమెరా తిప్పి నల్లటి వీపు చూపించింది. "ఫిల్ము కడగాలె, బొమ్మ దింపాలె. అయినంక ఫస్టు నీకే సూపిస్త. నచ్చకపోతే చింపెయ్యి, నేనేమన."

మరియమ్మ అనుమానంగా చూసింది కానీ ఒప్పుకుంది. గ్రేస్ మొదలుపెట్టింది. తల్లి బిగుసుకోకుండా ఉండాలని మాటలు కూడా కలిపింది. ఫిల్ము అంటే ఏమిటి, వెలుగు ఎలా పడుతుంది, తొందరపడి నొక్కేవాళ్ళకి ఇది ఎందుకు అచ్చిరాదు, కన్నూ చెయ్యీ కుదిరినవాళ్ళకే ఈ విద్య ఎందుకు అబ్బుతుంది... అబ్బో, ఒక్క ఉపన్యాసం కాదు. మీట లాగడం, నొక్కడం, మళ్ళీ లాగడం. మరియమ్మ రొట్టె తడుతూ కూతుర్ని ఓపిగ్గా చూస్తోంది.

"గంత ఇద్య నేర్సినవ్ గద బిడ్డా," అంది చివరికి. "గా గుండ్రటి మూత మీదికెల్లి గూడ ఫోటో పడ్తదా?"

గ్రేస్ కెమెరా తిప్పి చూసుకుంది. లెన్స్ మీద నల్లటి మూత శుభ్రంగా అలాగే ఉంది. చూసే కిటికీ వేరాయె, మూత ఉన్నా అందులో లోకమంతా తేటతెల్లంగానే కనిపిస్తుంది!

మరియమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "ఓ యేసయ్యా! పదేండ్ల ఫోటోగ్రాఫరు!" అని నవ్వింది చూడండి, పీట మీద వెనక్కి వాలి, కళ్ళనీళ్ళు కారుతుంటే, పిండిచేతులు గాల్లోకి లేపి నవ్వింది. కొంగు ఊసే గుర్తులేదు. గ్రేస్ మూత ఊడబీకి అవతల పారేసింది. రెండు బొమ్మల్నీ ఒకటి చేసేంత తీరిక లేదు, లెన్స్‌ని అలవాటు మీద ఒక్క తిప్పు తిప్పి నొక్కింది. అంతలోనే మరియమ్మ మోచేయి ముఖానికి అడ్డం వచ్చేసింది.

సోమవారం గ్రేస్ డిజిటల్ కెమెరాని జగన్మోహన్ బల్ల మీద పెట్టింది.

"ఇది నాకొద్దన్నా. గదే ఉంచుకుంట."

"ముందు ఆ రీలు కడిగి చూసుకోవమ్మా. ఏమీ పడకపోతే?"

"పడ్డది."

"చూశావా?"

"సూడలే. పడ్డది."

కొట్టు వెనక ఫోటోలు కడిగే చీకటిగది, ఆయన పాత స్టూడియో నాటి ఎర్రలైటుతో సహా ఇంకా ఉంది. రీలు కడిగితే మొదటివన్నీ ఖాళీ. మరి గ్రేస్‌కి భయం వెయ్యలేదా అంటే, వేసింది. ఆయన ముందు బయటపడలేదు, అంతే. చివరిదాన్ని కాగితం మీదికి దించి మందునీళ్ళలో వేస్తే, ముందు పిండిచేతులు తేలాయి, తర్వాత గోడ, ఆ తర్వాత ఆ పళ్ళు. ఫోటో కాస్త పక్కకి ఒరిగింది. కానీ నవ్వు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా పదునుగా పడింది. "నేను చెప్పలే?" అంది గ్రేస్. అనేసి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

బుధవారం పళ్ళు పీకేశారు. వాపు తగ్గే దాకా ఆగి, ఒక సాయంత్రం గ్రేస్ ఫోటోనీ నెగటివ్‌నీ తల్లి ఒళ్ళో పెట్టింది.

"మాట ప్రకారం. నచ్చకపోతే రెండూ చింపెయ్యి. ఇంకోటి ఎక్కడ లేదు."

మరియమ్మ అద్దాలు పెట్టుకుని ఫోటో చేతిలోకి తీసుకుంది. వెలుతురు వైపు తిప్పి పట్టుకుంది. ఏ పెళ్ళిలోనూ ఎవరి ముందూ బెదరని గ్రేస్ తల్లి ముఖం మీంచి కన్ను తిప్పలేదు. మూతి ముడుస్తుందేమోనని చూసింది. ముడవలేదు. మరియమ్మ వేలు ఫోటోలోని నోటి మీద మెల్లగా తిరిగింది.

"అవ్వ," అంది. పళ్ళు లేక మాటలో గాలి పోతోంది.

"ఏందమ్మా?"

"నన్ను గన్న మా అవ్వ గిట్లనే నవ్వేది. కండ్లు గిట్లనే మూసుకపోయేటియి. నేను నవ్వితే గిట్లుంటనని నాకేమెరుక? అద్దం ముంగట నిలబడి ఎవలన్న నవ్వుతరా?" కళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. "అవ్వదొక్క ఫోటో గూడ లేకపాయె బిడ్డా. గిన్ని దినాలు ఫోటోల సేతిలకొచ్చిన అవ్వను నేనే తుడిపేసుకుంట కూసున్న."

గ్రేస్ తల్లి పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

మరియమ్మ నెగటివ్‌ని జాగ్రత్తగా కవర్లో పెట్టి కూతురికి తిరిగిచ్చింది.

"ఊర్ల మా అన్నకొకటి కడిగియ్యి. అవ్వ మొకం యాదికొస్తలేదని మొన్న ఫోన్ల ఏడ్సిండు."