పెద్దకోడలి ఇల్లు లేచిందా

పెద్దకోడలు నిద్ర లేస్తూనే గుంజల దగ్గరికి పోతుంది. ఇంటి నాలుగు మూలలా నేలలో పాతిన నాలుగు గుంజలు. ఒక్కో గుంజకూ ఒక మోకు. ఆ మోకు రెండో కొస వసారా మూల దూలానికి కట్టి ఉంటుంది. ముడులన్నీ వేలితో నొక్కి చూస్తుంది. ఏదైనా వదులైతే విప్పి మళ్ళీ కడుతుంది. ఆ తర్వాతే మొహం కడుక్కోవడం, ఆ తర్వాతే పొయ్యి.

ఆమె అత్తగారు పోయి చాలా కాలమైంది. మొగుడూ పోయాడు, మరిదీ పోయాడు. కోడలా అని పిలిచే హక్కున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా ఊరు ఆమెను పెద్దకోడలు అనే అంటుంది, వీధికి అవతల ఉండే తోడికోడల్ని చిన్నకోడలు అంటుంది. ఇద్దరికీ తలలు నెరిశాయి. ఒకసారి నోటికి అలవాటైన పేరు మార్చడానికి ఊరికి బద్ధకం.

పెద్దకోడలి పని తాళ్ళు పేనడం. పీచు నానబెట్టి, దువ్వి, మూడు పురులు కలిపి పేనుతుంది. ఒక్క పురి సమంగా ఎక్కకపోయినా తాడంతా విప్పేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళు తొందరపెడితే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"తొందరైతే బజారుకు పో. అక్కడ నైలాను తాడు ఇస్తారు. రెండు ఎండలకు పెళుసెక్కుతుంది. దాంతో దూడను కట్టి, రాత్రంతా దూడకు కావలి కూర్చో."

ఆ ఇంటి సంగతి ఊరందరికీ తెలిసిందే. ఏట్లోకి నీళ్ళు రాబోతున్నాయంటే ఆ ఇల్లు లేస్తుంది. ఎక్కడో ఎగువన వాన పడి, ఆ నీళ్ళు ఊరు చేరకముందే, చెక్క గోడలూ రేకుల కప్పూ గడపా పొయ్యీ అన్నీ కలిసి పునాది మీంచి పైకి వస్తాయి. చిన్న నీళ్ళైతే జానెడు, పెద్ద నీళ్ళైతే మనిషెత్తు. నీళ్ళు తీశాక గుడ్ల మీద కూర్చునే కోడిలా మెల్లగా దిగుతుంది. ఇందులో ఎవరికీ వింత లేదు. జానెడు లేచిన రోజు పాలామె మునివేళ్ళ మీద నిలబడి పాలు పోస్తుంది. మూరెడు లేస్తే గొణుగుతుంది. పోస్టాయనకు ఎత్తుకు విసరడం బాగా వచ్చేసింది.

పొద్దున్నే జనం ఒకళ్ళనొకళ్ళు అడిగే మొదటి మాట అదే. "పెద్దకోడలి ఇల్లు లేచిందా?" లేవలేదంటే పొలానికి పోతారు. లేచిందంటే గొడ్లను విప్పుతారు.

అడిగేది ఇంటి సంగతే. ఇంట్లో మనిషి లేచిందా, తిన్నదా, దగ్గు తగ్గిందా అని అడిగినవాళ్ళు లేరు. పెద్దకోడలు వసారాలో కూర్చుని పీచు దువ్వుతుంటే, వీధిలో పోయేవాళ్ళు ఆమె కాళ్ళ కిందికి, పునాదికేసి చూసి పోతారు. మొహంకేసి చూసే పని వాళ్ళకు లేదు.

పోయిన పెద్ద వరదప్పుడు ఊరంతా ట్రాక్టర్లెక్కి మిట్టకు పోయింది. పోతూ పోతూ చిన్నకోడలు ట్రాక్టరు మీంచి ఒక కేకేసింది. ఆ కేక దగ్గరే ఇద్దరికీ చెడింది. ఇల్లు మనిషెత్తు లేచి, కింద బురదనీళ్ళు సుడులు తిరుగుతుంటే, పెద్దకోడలు ఒక్కతే గడప మీద కూర్చుంది. నీళ్ళలో మంచాలు పోయాయి, తలుపులు పోయాయి, ఎవరిదో గంప పోయింది. గొంతు పోయేదాకా పిలిచింది. పలకడానికి ఊళ్ళో ఎవరున్నారు? నీళ్ళు తీశాక జనం వచ్చి, "ఇంటికేం కాలేదు కదా" అని గోడ తట్టి చూసుకుని వెళ్ళారు.

ఆ మర్నాడే పెద్దకోడలు చిన్నకోడలి వైపున్న కిటికీకి మేకులు కొట్టేసింది. మాట్లాడాలనిపిస్తే ఇంటితో మాట్లాడుతుంది. ఇల్లు బదులు చెప్పదు. ఎదురూ చెప్పదు.

ఈ ఏడు ఊరికి ఒక నిధి వచ్చింది. వరదలకూ గాలివానలకూ ఊరు ముందే సిద్ధపడడానికి ఇచ్చిన డబ్బు అది. ఏం కొనాలో, ఏం కట్టాలో ఊరివాళ్ళే కూర్చుని తేల్చుకోవాలని ఇచ్చినవాళ్ళ షరతు. ఇంతకుముందు ఇంకెవరో అడక్కుండానే ఇంజను పడవ ఇచ్చి పోయారు. నడపడం ఎవరికీ చేతకాలేదు. ఇప్పుడు అందులో కోళ్ళు పడుకుంటాయి. అందుకని ఈసారి డబ్బిచ్చినవాళ్ళ తరఫున వచ్చిన అమ్మాయి నోరు మూసుకుని వినేది. ఊరు ఆ పిల్లకు నిధి అమ్మాయి అని పేరు పెట్టింది.

బడిలో కూర్చున్నారు. మిట్ట మీద హాలు కట్టాలన్నారు. గింజలు దాచడానికి ఎత్తుగా గది కావాలన్నారు. ఊరి నుంచి మిట్టదాకా దారి పక్కన రాటలు పాతి మోకు కట్టాలని, నడుంలోతు నీళ్ళలోనైనా దాన్ని పట్టుకుని నడవొచ్చని ఆడవాళ్ళు పట్టుబట్టారు. మోకు పెద్దకోడలే పేనాలన్నారు. ఆమె పేనింది. ఆ ఊరి మీద ఎంత కోపమున్నా పురి దగ్గర దొంగబుద్ధి చూపించే మనిషి కాదు.

మోకు చుట్టలు బండి మీద వేసుకుని ఆమె బడికి వచ్చేసరికి, లోపల ఎవరు ఎవర్ని లేపాలనే మాట నడుస్తోంది. నీళ్ళొచ్చినప్పుడు ఏ ఇల్లూ మిగిలిపోకుండా, ప్రతి ఇంటి నుంచీ ఒకరు లేచి తాము తట్టబోయే తలుపు ఏదో చెప్పాలి.

"మేం కుట్టుమిషనాయన ఇంటిని లేపుతాం," అన్నాడు సైకిల్ షాపాయన.

"ఆయన్ని లేపడానికి మనుషులు చాలరు, డోలు కావాలి," అంది కుట్టుమిషనాయన పెళ్ళాం. అందరూ నవ్వారు.

వరస పూర్తయింది. నిధి అమ్మాయి అడిగింది. "మరి తాళ్ళతో కట్టిన ఆ ఇంటిని ఎవరు లేపుతారండీ?"

ఊరి కమిటీ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"దాన్ని ఎవరూ లేపక్కర్లేదమ్మా. అదే లేస్తుంది."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. పెద్దకోడలు గుమ్మంలోనే మోకు చుట్టలు దించి వెనక్కి తిరిగింది. ఆమె రావడమూ పోవడమూ చూసింది చిన్నకోడలు ఒక్కతే.

ఆ సాయంత్రం పెద్దకోడలు గుంజల దగ్గర కూర్చుని ఇంటితో చెప్పింది. "ఈసారి నువ్వు లేస్తే నాలుగు ముడులూ విప్పేస్తాను. ఎటు పోతావో పో, నన్నూ తీసుకుపో. వీళ్ళు పొద్దున్నే లేచి ఒట్టి పునాదిని చూసుకోనీ."

రెండు రోజులాగి చిన్నకోడలు వచ్చింది. ఆ ఇంటి కప్పు మీద ఎర్రదీపం పెట్టాలని, ఇల్లు లేస్తే దానంతటదే వెలిగేలా చేయాలని కమిటీ అనుకుంది. చుట్టమని అడగడానికి ఆమెను పంపారు.

"అక్కా."

పెద్దకోడలు తలెత్తలేదు. "ఎవరో పిలుస్తున్నట్టుందే," అంది ఇంటితో.

"నేనే అక్కా. దీపం సంగతి అడుగుదామని."

"దీపం ఇంటికి కదా. ఇంటిని అడుగు."

"ఇల్లు మాట్లాడుతుందా?"

"నేనూ మాట్లాడను. ఎవర్నడిగినా ఒకటే."

చిన్నకోడలు వసారా అంచున కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు. "ఇంకా ఆ పాత సంగతేనా? ఆ రోజు నిన్ను పిలిచాను. ట్రాక్టరు మీదున్న వాళ్ళంతా విన్నారు."

"పిలవలేదు. చెప్పావు."

"రెండింటికీ ఏమిటి తేడా?"

"ఏమని అరిచావో ఇప్పుడు అను."

"నీళ్ళొస్తున్నాయి అక్కా, మేం పోతున్నాం, అన్నాను."

"మేం." పెద్దకోడలు దువ్వెన కింద పెట్టింది. "మేం పోతున్నాం. అంటే మీరు. అందులో నేను లేను. పోయేవాళ్ళు ఉండిపోయేవాళ్ళకు చెప్పే మాట అది. మనం పోదాం అని ఉంటే ఈ వసారా మీంచి దూకి వచ్చేదాన్ని. కాలు విరిగినా వచ్చేదాన్ని."

"ఆ కంగారులో ఒక్క మాట అటూ ఇటూ అయితే..."

"తాడులో ఒక్క పురి అటూ ఇటూ అయితే నువ్వు కొంటావా?"

చిన్నకోడలి పెదవులు కదిలాయి, ఆ రెండు మాటలూ లోపల అనుకుని చూసుకుంటున్నట్టు. లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, నెమ్మదిగా వీధి దాటింది.

"దీపం పెట్టుకోమను," అంది పెద్దకోడలు వెనకనుంచి. "నాకేం." పోయే ఇంటి మీద ఏం పెడితే ఏమని ఆమె లెక్క.

మిట్ట మీద హాలు పూర్తయింది, దారి వెంట మోకూ కట్టారు. వానాకాలం సగంలో, ఒక మధ్యాహ్నం, పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా ఇల్లు ఒక్కసారి ఊగి పైకి లేచింది. జానెడు, మూరెడు, మనిషెత్తు. కప్పు మీద దీపం ఎర్రగా వెలిగింది. ఊళ్ళో అరుపులు మొదలయ్యాయి. వీధి మొదట్నుంచీ తలుపులు తట్టే చప్పుడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దాటుకుంటూ వచ్చింది. పెద్దకోడలు గడప మీద కూర్చుని విన్నది. పాలామె తలుపు. కుట్టుమిషనాయన తలుపు, అక్కడ నిజంగానే పళ్ళెం వాయించారు. తర్వాత పక్కింటి తలుపు. తర్వాత చప్పుడు ఆమె ఇంటి కిందుగా దాటి, అవతలి ఇంటికి పోయింది.

గొడ్లు పోయాయి, పిల్లలు పోయారు, మంచం మీద ముసలాయన్ని మోసుకుపోయారు. అందరూ దారి పక్క మోకు పట్టుకుని మిట్టకు నడిచారు. మోకు ఎక్కడా జారలేదు. అది చూసి ఆమె ఒకసారి తలాడించింది. తర్వాత ఊళ్ళో మనిషి గొంతు లేదు. వాన ఉంది, వీధిలోకి పాకుతున్న నీళ్ళున్నాయి.

పెద్దకోడలు లేచి మొదటి ముడి విప్పింది. రెండోది విప్పింది. మూడోది కూడా విప్పాక ఇల్లు ఒక పక్కకు ఒరిగి, మిగిలిన మోకును గుంజుతూ నిలబడింది. నాలుగోది మేకులు కొట్టిన కిటికీ కింద ఉంది. తడికి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగింది, పళ్ళతో లాగింది. తాను కట్టిన ముడే ఆమెకు లొంగలేదు.

టక్, టక్, టక్.

ఎవరో కిందనుంచి ఇంటి నేలను కర్రతో తడుతున్నారు.

"ఎవరది?"

"అక్కా," అంది చిన్నకోడలు. నడుందాకా నీళ్ళలో ఉంది. ఒక చేత్తో గుంజను వాటేసుకుని, ఇంకో చేత్తో బూజుకర్ర పైకెత్తి పట్టుకుంది. "మనం పోదాం."

పెద్దకోడలు వంగి చూసింది. మిట్ట దారిలో రాటల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఎలా పోతామే? దారి మునిగిపోయింది."

"అది నాకు తెలీదు. మాట సరిగ్గా చెప్పిపోదామని వచ్చాను. సరిగ్గా ఉందా, లేదా?"

పెద్దకోడలు ఆ మాటను తాడులా తడిమి చూసుకుంది. ఆమెకు ఏదైనా ఒకసారి చూసి బాగుందనే అలవాటు లేదు.

"ఉంది," అంది. "ఎక్కు."

లోపలనుంచి కొత్త మోకు తెచ్చి దించింది.

"మెల్లగా లాగు అక్కా, తెగుతుందేమో."

"నా తాడు తెగదు. నువ్వే లావయ్యావు."

ఇద్దరూ కలిసి బూజుకర్ర కొస గుచ్చి నాలుగో ముడి విప్పారు. ఇల్లు నీళ్ళ మీద ఆనకుండానే కదిలింది. కప్పుల మధ్యనుంచి, మునిగిన దారి వెంబడే, రాట తర్వాత రాట దాటుకుంటూ మిట్టకేసి పోయింది. హాల్లో ఉన్నవాళ్ళు లేచి చోటిచ్చారు. "జరగండి, జరగండి, ఇల్లు దిగుతోంది," అని కమిటీ పెద్ద తన గొడుగు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఇల్లు హాలు పక్కన దిగింది. ఎసరు ఇంకా వేడిగానే ఉంది.

నీళ్ళు తీశాక ఊరు కిందికి పోయింది. ఇల్లు పోలేదు. మిట్టకు నీళ్ళు రావు కాబట్టి దానికి మళ్ళీ లేచే పని పడలేదు. పొద్దున్నే అడగడానికి ఊరికి ఇల్లు లేకుండా పోయింది. మళ్ళీ బడిలో కూర్చున్నారు. మిగిలిన నిధితో ఏట్లో కొలతరాయి పాతించి, వంతులవారీగా చూసుకోవాలన్నారు. ఎగువ ఊళ్ళతో ఫోన్లు మాట్లాడి పెట్టుకున్నారు. దీపం హాలు కప్పుకు మారింది. హాలు తాళంచెవి పెద్దకోడలి కొంగుకు చేరింది. ఎవరు ఎవర్ని లేపాలో మళ్ళీ చెప్పుకున్నప్పుడు చిన్నకోడలు లేచింది.

"నేను అక్కను లేపుతాను."

"ఆవిడ మిట్ట మీద ఉందిగా. అక్కడికి నీళ్ళెక్కడివి?" అన్నాడు కమిటీ పెద్ద.

"లేకపోతే లేకపోయాయి. లేపుతాను."

మిట్ట మీద పగళ్ళు పొడుగు. ఒక పక్క తాళం వేసిన హాలు, కింద ఎక్కడో ఊరు, గాలి. పెద్దకోడలు పొద్దున్నే లేచి చూసుకోవడానికి గుంజలు లేవు. కాసేపు వసారాలో ఊరికే నిలబడుతుంది. కమిటీ పెద్దతో ఇప్పటికీ మాట్లాడదు, ఆ నవ్వు ఆమె మర్చిపోలేదు. కిటికీ మేకులు మాత్రం పీకేసింది. అందులోంచి కింద చిన్నకోడలి ఇల్లు కనిపిస్తుంది, అగ్గిపెట్టంత.

సాయంత్రాలు ఆ కిటికీ దగ్గరే పీచు దువ్వుతుంది. దారి పక్క మోకు పట్టుకుని, మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటూ, ఒక మనిషి పైకి రావడం కనిపిస్తూనే ఉంటుంది. అయినా తలుపు తట్టేదాకా లేవదు.

"ఎవరది?" అంటుంది.

"మనమే," అంటుంది బయటి గొంతు.

అప్పుడు లేచి తలుపు తీస్తుంది.