ఖాళీ చీటీ

మూడేళ్ల కిందట లాండ్రీ షాపు మీది గదిలో తొమ్మిదిమంది పిల్లలతో శనివారపు ప్రార్థన కూటం మొదలుపెట్టాం. కింద ఇస్త్రీపెట్టెల వేడికి అరికాళ్లు మాడిపోయేవి. అయినా వచ్చేవారు. వాళ్లు రాసిచ్చిన ప్రార్థన చీటీ ప్రతిదీ నేను చదివేదాన్ని. మరుసటి శనివారం "మీ నాన్న తాగడం తగ్గించాడా? లెక్కల పరీక్ష ఏమైంది?" అని ఒక్కొక్కరినీ అడిగేదాన్ని.

ఇప్పుడు మూడు వందల మంది. ఈరోజు కొత్త హాలు ప్రారంభం. పొద్దుటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కరెంటు పనివాడు పత్తా లేడు, స్పీకరు గుర్రుమంటోంది, పాస్టరుగారైన మా ఆయనేమో అద్దం ముందు ప్రసంగం వల్లిస్తున్నాడు. ఇక చీటీలంటారా, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పడుతున్నాయి. డబ్బా మీద చెయ్యి పెట్టి అందరికీ కలిపి ఒకే ప్రార్థన చేసి, సోమవారం ఖాళీ చేస్తున్నాను. దేవుడికి తెలియదా ఏమిటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మెట్ల దగ్గర లాయరు ఎదురైంది. పదహారేళ్ల పిల్ల. అడ్డు ప్రశ్నలు వేస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరది. ఆ తొమ్మిదిమందిలో ఇంకా వస్తున్నది ఇదొక్కతే.

"ఎక్కడికే? ఇంకా మొదలే కాలేదు."

"ఇంటికి. ఇక రానాంటీ. ఒక్కటి అడగనా? నా చీటీ చదివారా?"

"చదవకుండా ఎలా ఉంటానే!" ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో! "రోజూ నీకోసం ప్రార్థిస్తున్నాను. దేవుడు తప్పకుండా జవాబిస్తాడు."

నా మొహంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"నేను వేసింది ఖాళీ చీటీ. నెలరోజులుగా ఖాళీవే వేస్తున్నా. ఏంటిదని అడుగుతారేమోనని."

నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడాను, అదీ దేవుణ్ణి అడ్డం పెట్టుకుని. ఇది గడప దాటితే మళ్లీ రాదని తెలుస్తూనే ఉంది.

"ఇప్పుడు చెప్పు తల్లీ. ఏం రాద్దామనుకున్నావు?"

"ఇప్పుడా? మిమ్మల్ని పిలుస్తున్నారు."

నిజమే. మైకులో ఎవరో కుర్రాడు ఊగిపోతున్నాడు: "ఈ పిల్లలందరికీ అమ్మ, మన పాస్టరమ్మగారు వేదిక మీదికి రావాలి!" చప్పట్లు మోగాయి.

"పిలవనీ" అని మెట్టు మీద కూలబడ్డాను.

అది కూర్చోలేదు. సంచి పట్టీ చేతికి చుట్టుకుంటూ, "అమ్మ మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది. నెలయింది" అంది.

ఆ నాలుగు శనివారాలూ ఇది నా ముందుకొచ్చి నిలబడుతూనే ఉంది. నాలుగుసార్లూ నేను కుర్చీలు సర్దమని చెప్పాను.