గురమ్మ పేరున్న చరణం

బాంబూఫ్లాట్ పెళ్ళిలో లక్ష్ముడు మూడో చరణం ఎత్తుకున్న క్షణాన, ఆడవాళ్ళ వరసలోంచి ఒక ముసలామె లేచింది. కోపంగా లేవలేదు. చినుకు పడితే ఆరేసిన బట్టలు తీయడానికి లేచినట్టు లేచి, కొంగు సర్దుకుని, పందిరి దాటి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొడుతున్నారు. లక్ష్ముడు పాట ఆపలేదు. ఆ చరణంలో ఆపడం అతనికి చేతకాదు.

అది వల లాగే పాట. లక్ష్ముడు పాడే సాగర్ ఆర్కెస్ట్రాలో మిగతావన్నీ సినిమా పాటలే. రేడియోలోనూ, ఓడలో వచ్చిన రికార్డుల మీదా విని నేర్చుకున్నవి. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం సరిగా రాని లక్ష్ముడు వాటిని హిందీ అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేవాడు. వల పాట మాత్రం ఏ నోటుబుక్కులోనూ లేదు. అది అతని తండ్రి అసిరయ్య నోట విన్నది.

శ్రీకాకుళం తీరం నుంచి నాలుగు రోజులు ఓడలో ప్రయాణించి ఈ ద్వీపాలకు వచ్చిన తొలి జట్లలో ఒకదానికి అసిరయ్య పాటగాడు. పెద్దవల లాగేటప్పుడు ముందు తాడు పట్టి చరణం ఎత్తేది అతనే. వెనక పాతికమంది హైలెస్సా అని లాగేవారు. ఎవడైనా బద్ధకిస్తే వాడి ఇంటి ఆడవాళ్ళ మీద ఒక చరణం పడేది. వాడు సిగ్గుతో లాగేవాడు, మిగతావాళ్ళు నవ్వుతో లాగేవారు, వల ఒడ్డుకు వచ్చేది. తాడు చేతిలో ఉన్నంతసేపు ఆ మాటకు కోపం తెచ్చుకోకూడదు. తాడు దించాక ఆ మాట మళ్ళీ అనకూడదు. కట్టుబాటు అది.

మూడో చరణం ఇది:

పోలిరాజు సేతిలోన తాడు వదులు – హైలెస్సా
గురమ్మ గుమ్మానికి గడియ వదులు – హైలెస్సా

రెండో పాదంలో రాగం ఒక్కసారిగా పైకి లేస్తుంది. అసిరయ్య గొంతు అక్కడ చిన్నగా చీలేది, గాలికి తెరచాప అంచు కొట్టుకున్నట్టు. అతను పోయి మూడేళ్ళయింది. ఫోటో ఒకటి ఉంది, అందులో కళ్ళు మూసుకుని ఉన్నాడు. గొంతు ఎక్కడా పట్టి ఉంచలేదు. అయితే ఆ పాదం పాడేటప్పుడు లక్ష్ముడి గొంతు కూడా అక్కడే, అలాగే చీలుతుంది. ఆ అర నిమిషంలో అతని నోట అతని తండ్రి ఉంటాడు. ఇరవై సినిమా పాటలు పాడి అతను ఎదురుచూసేది ఆ అర నిమిషం కోసమే.

ఆదివారం ఆరాధన ముగిశాక ఆస్టినాబాద్‌లో దేవప్రసాద్ ఇంటి వరండాలో సాధన. దేవప్రసాద్ ఆఫీసులో గుమాస్తా, చర్చిలో కీర్తనలకు హార్మోనియం వాయిస్తాడు, ఆర్కెస్ట్రాలోనూ అదే హార్మోనియం. ఆ రోజు పెట్టె తెరవలేదు.

“లేచెళ్ళిపోయిన ఆవిడ ఎవరో కనుక్కున్నాను,” అన్నాడు.

“భోజనాలకు ఎల్లుంటది, భయ్యా. మన పాటకన్నా పులావ్ వాసన గట్టిది.”

“ఆవిడ పేరు గురమ్మ. పోలిరాజు భార్య.”

ఆ పేరు గల మనిషి ఉంటుందని లక్ష్ముడికి ఎన్నడూ తోచలేదు. పాటలో పేరు పాటలోనే పుట్టిందని, దానికి ఇల్లూ వాకిలీ ఉండవని, ఆలోచించకుండానే అనుకుంటూ వచ్చాడు.

“పేరు మార్చేద్దాం,” అన్నాడు చివరకు.

“ఏం పేరు పెడతావు?”

“ఏదో ఒకటి. ఎవరికీ లేని పేరు.”

“ఆడమనిషి పేరేగా పెట్టాలి. పేరు మారినా గడియ మారదు కదా.”

“సినిమా పాటల్లో ఇంతకన్నా ఘోరాలు ఉన్నాయి. పాడతన్నాం కదా?”

“పాడుతున్నాం. దానికీ ఏదో ఒకరోజు జవాబు చెప్పుకోవాలి. కానీ ఆ పాటలోని మనిషి ఎదురుగా కూర్చుని ఉండదు. ఇక్కడ కూర్చుంది.” దేవప్రసాద్ హార్మోనియం మీద దుమ్ము వేలితో తుడిచాడు. “పది రోజుల్లో జంగ్లీఘాట్ గంగమ్మ పండగ. చివర్లో వల పాట అడుగుతారు. నేను వాయించనని అనను. నువ్వు తేల్చుకో.”

“అది లేకపోతే నాకు పాటే లేదు భయ్యా.”

“తెలుసు,” అన్నాడు దేవప్రసాద్. “అందుకే నిన్ను తేల్చుకోమన్నాను.”

రెండు రోజుల తరవాత లక్ష్ముడు చాథం దగ్గర ఫెర్రీ ఎక్కాడు. అవతల బాంబూఫ్లాట్ ఒడ్డు చేరేలోగా అడగవలసిన మాటను నాలుగు విధాలుగా కూర్చుకున్నాడు. నాలుగింటిలోనూ ఆమె చివరకు సరేనన్నది.

గురమ్మ రేకుల ఇంటి ముందు చాప మీద ఎండు చేపలు తిరగేస్తోంది. అతన్ని చూసి చెయ్యి ఆపలేదు.

“అసిరయ్య కొడుకువి గదా. కూకో.”

అతను గుమ్మం పక్కన అరుగు మీద కూర్చున్నాడు. తలుపుకు లోపలివైపు పాత ఇనప గడియ కనబడింది. దాన్ని చూడకూడదనుకున్నాడు, చూశాడు.

“పిన్నీ, ఆ పాట సంగతి…”

“ఏ పాట?”

“వల పాట. నీకు కష్టంగా ఉందేమోనని అడగడానికి ఒచ్చినాను.”

“అడగడానికి ఒచ్చినావా, నా సేత సరే అనిపించడానికి ఒచ్చినావా?”

లక్ష్ముడు తల దించుకున్నాడు. ఆమె ఒక చేపను తిప్పి, వేలితో నొక్కి చూసి, మళ్ళీ పరిచింది.

“మగోల్లు ముందొచ్చినారు ఈ దేశానికి. రెండేల్లకి నన్ను రమ్మని కబురెట్టినాడు మీ బాబాయి. నాలుగు రోజులు ఓడలో వాంతులు సేసుకుని దిగినాను. జట్టీ కాడ నా మొకం ఎరగనోల్లు నా పేరు ఇని నవ్వినారు. గురమ్మంటే ఈ గురమ్మేనా అని. నాకన్నా ముందే పాట వచ్చేసి కూకుంది.”

“అది తాడు మీద మాట, పిన్నీ. మనసులో పెట్టుకోకూడదని…”

“నాను పట్టుకున్నానేటి తాడు?”

ఆమె గొంతు పెరగలేదు. ఆ కట్టుబాటు తాడు పట్టిన వాళ్ళు తమలో తాము చేసుకున్నదని, ఏ తాడూ పట్టని మనిషికి అందులో చోటు లేదని, ఇన్నేళ్ళలో మొదటిసారి లక్ష్ముడికి కనబడింది.

“మీ బాబాయి మంచోడే,” అందామె. “రెండేల్లు రోజూ ఆ మాట ఇని ఇని లాగినాడు కదా. ఒక్కపాలి కూడా నన్ను అడగలేదు. రోజూ రాత్రి గడియ తనే ఏసేవోడు. ఏసి, లాగి సూసేవోడు. పన్నెండేల్లు. అడిగినా బాగుణ్ణు.”

ఒక కాకి చాప అంచున వాలింది. గురమ్మ చేతిలోని పుల్లతో దాన్ని అదిలించింది.

“నా ముందు ఒక్కడూ పాడలేదు, తెలుసా. నాను నడిసిపోతే ఎనకాల పాడేవోల్లు. నువ్వు పాడు. ఇంటాను.”

“పిన్నీ…”

“పాడు. నా పేరే గదా.”

అతను పాడాడు. మొదటి చరణం, రెండోది. కాళ్ళ కింద ఇసుక లేదు, వెనక మనుషులు లేరు. మూడోది మొదలుపెట్టి పోలిరాజు పేరు దాకా వెళ్ళాడు. రాగం పైకి లేవవలసిన చోట ఎదురుగా ఆమె కళ్ళు ఉన్నాయి. గొంతు లేవలేదు.

గురమ్మ పుల్లను చాప పక్కన పెట్టింది.

“మీ అయ్య గొంతే,” అంది. “మీ బాబాయి పోయిన పెద్దకర్మ నాడు ఒచ్చినాడు. నువ్వు కూకున్న కాడే కూకున్నాడు. మంచినీల్లు అడిగినాడు. తాగినాడు. ఎల్లిపోయినాడు.”

“ఏమీ అనలేదా?”

“ఏటంతాడు? పాటగాడికి మాటలెక్కడివి.”

“బాబాయి పోయింది ఏ ఏడు, పిన్నీ?”

“పెద్ద గాలివాన పడి జట్టీ దెబ్బతిన్న ఏడు. తొమ్మిదేల్లు.”

తిరుగు ఫెర్రీలో లక్ష్ముడు కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఏడు అతనికి బాగా గుర్తుంది. ఆ ఏడే తండ్రి గొంతు పోయింది. తల్లి మిరియాల కషాయం కాచి పోసింది. డాక్టరు గొంతులో ఏమీ లేదన్నాడు. అసిరయ్య బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని వలకు వెళ్ళేవాడు. ముందు తాడు మరొకడికి ఇచ్చి, చివరి వరసలో నిలబడి, హైలెస్సా అని కూడా అనకుండా లాగేవాడు. పాడమంటే బుగ్గ చూపించేవాడు. అంతకు ముందు విన్నదే లక్ష్ముడు నేర్చుకున్నది. తండ్రి దించి వెళ్ళిన దాన్ని, వదిలిపోయిన ఆస్తి అనుకుని ఎత్తుకున్నాడు.

అది తెలిసినందువల్ల కోరిక తగ్గలేదు. ఆ అర నిమిషం మునుపటికన్నా ఎక్కువ కావాలనిపించింది. తనకు కావలసినది తండ్రి గొంతా, తండ్రా అని తనను తానే అడిగాడు. రెండూ ఒకటేనని మొన్నటిదాకా నమ్మాడు.

గంగమ్మ పండగ సాయంత్రం జంగ్లీఘాట్ నిండింది. గరాచర్మ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. పది పాటలు కాగానే ముందు వరసలోని ముసలివాళ్ళు వల పాట, వల పాట అన్నారు. దేవప్రసాద్ లక్ష్ముడి వైపు చూసి, ఏమీ అడగకుండా శ్రుతి పట్టాడు.

మొదటి చరణం సాగింది. రెండోది సాగింది. జనం చేతుల్లో తాడు ఉన్నట్టే వెనక్కి ఊగుతూ హైలెస్సా అన్నారు. మూడో చరణం చోటికి రాగానే లక్ష్ముడు నోరు మూశాడు.

డోలు నాలుగు దెబ్బలు వేసి ఆగింది.

“గురమ్మ ఏదిరా?” అని ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. వెనకనుంచి రెండు మూడు గొంతులు పోలిరాజు పేరు ఎత్తుకున్నాయి.

“ఆగండి,” అన్నాడు లక్ష్ముడు మైకులో. “ఆ చరణం మా అయ్య దించేసినాడు. తొమ్మిదేల్లయింది. నేనే సూసుకోలేదు.”

“అరే భాయ్, పాడు. గానా హై, గాలీ థోడే హై. పాటే గదా, తిట్టేం కాదు,” అన్నాడొక కుర్రవాడు.

“నాక్కూడా పాడాలనే ఉంది,” అన్నాడు లక్ష్ముడు. ఆ మాట అతను అనుకున్నదానికన్నా మెల్లగా వచ్చింది. ముందు వరసల్లో కొందరు నవ్వడం మానేశారు.

“ఆర్కెస్ట్రా పోయి భజన పార్టీ అయిపోనాది,” అన్నాడొక ముసలివాడు లేస్తూ. అతనితో మరి కొందరు లేచారు. దేవప్రసాద్ కొత్త సినిమా పాట ఒకటి అందుకున్నాడు. లక్ష్ముడు నోటుబుక్కు తెరిచి, హిందీ అక్షరాలు చూసుకుంటూ తప్పులు లేకుండా పాడాడు.

సామాన్లు సర్దుతూ దేవప్రసాద్ అడిగాడు: “గురమ్మగారికి కబురు పంపనా?”

“ఒద్దు భయ్యా. ఆమెకి అది ఒక రోజు మానేసిన పాట. అంతే.”

ఆ వారంలో ఒక రోజు తెల్లవారాక ఒడ్డున పెద్దవల లాగుతుంటే లక్ష్ముడు వెళ్ళాడు. దారిలో కొన్న కరక్కాయ చితక్కొట్టి ఒక ముక్క బుగ్గన పెట్టుకున్నాడు. ముందు తాడు దగ్గర ఎవరో వేరే పాట ఎత్తారు. అందులో ఎవరి పేరూ లేదు, అంతగా బిగువూ లేదు. లక్ష్ముడు చివరి వరసలో, తండ్రి నిలబడే చోట, తాడు పట్టుకున్నాడు.

వల బరువెక్కింది. జనమంతా వెనక్కి వంగిన చోట అతని గొంతులో ఆ పాదం దానంతట అదే లేచింది. పైకి, ఇంకా పైకి, చీలే దాకా వచ్చింది. నోట్లో నీళ్ళు వగరుగా ఊరుతున్నాయి. అతను పళ్ళు బిగించి లాగాడు.