వానకంటే ముందొచ్చిన గాలి

అక్క వాతావరణ కార్యాలయంలో పనిచేస్తుంది. తమ్ముడు గోదాముల మీద రేకులు బిగిస్తాడు. ఆరడుగుల మనిషైనా ఇంట్లో అందరికీ బుడ్డోడే. పైకెక్కే ముందు అక్కకు ఫోన్ చేసి వాన సంగతి అడగడం అతని అలవాటు.

అంతకు ముందు వారం గాలివాన వస్తుందని ఆమె చెబితే పని మానుకున్నాడు. చినుకు కూడా రాలలేదు. అక్క వాన వస్తుందంటే ధైర్యంగా బట్టలు ఆరేసుకోవచ్చని చుట్టాల ముందు అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది గానీ, మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఉదయం అతను ఫోన్ చేసేసరికి, ఆకాశంలోకి వదిలిన బెలూను పైనుంచి పంపిన లెక్కలు ఆమె ఎదుట తెర మీద ఉన్నాయి. నేలను ఆనుకుని తేమ దండిగా ఉంది. పైన గాలి బాగా చల్లగా ఉంది. ఎండ ముదిరితే కింది వేడిగాలి పైకి లేస్తుంది. అందులోని ఆవిరి నీటిచుక్కలుగా మారుతూ వేడిని వదులుతుంది. ఆ వేడికి మేఘం పాలపొంగులా ఇంకా పైకి లేస్తుంది. పిడుగుల మేఘానికి కావలసిన సరుకంతా ఉంది. అయితే అది తమ ఊరి మీదే కమ్ముకుంటుందని ఖాయంగా చెప్పలేం. మళ్లీ నవ్వులపాలు కావడమెందుకనుకుంది. ఏమీ ఉండదులే, ఎక్కమని చెప్పింది.

మధ్యాహ్నం దాటాక పడమటి దిక్కున మేఘం గోడలా లేచింది. ఆమె ఫోన్ మీద ఫోన్ చేసింది. డ్రిల్లింగ్ మోతలో అతనికి వినపడలేదు. ఇంకా చినుకు పడకముందే గాలి విరుచుకుపడి, అతని చేతిలోని రేకుతో సహా అతన్నీ కిందికి విసిరేసింది. గోనెసంచుల గుట్ట మీద పడబట్టి బతికాడు. తుంటి విరిగింది.

ఆఫీసు వదిలి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చినందుకు తమ్ముడి భార్య ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. రాసిపెట్టి ఉన్నదాన్ని ఎవరు తప్పిస్తారని చుట్టాలు ఓదార్చారు. ఆ ఓదార్పు ఆమెకు వాతలు పెట్టినట్టే ఉంది.

ఆపరేషనయి తేరుకున్నాక, వాన కూడా రాకుండానే తనను పడేసిందని తమ్ముడు నవ్వబోయాడు. ఇక ఆమె ఆగలేకపోయింది.

"నిన్ను పడేసింది వాన కాదురా. మేఘంలోంచి దిగే వాన చల్లగాలిని కిందికి ఈడ్చుకొస్తుంది. అది నేలకు తగిలి నాలుగు వైపులా పరుగెడుతుంది. అందుకే వానకంటే ముందొస్తుంది. పొద్దున్నే నాకు అనుమానం వచ్చింది. నువ్వు మళ్లీ నవ్వుతావని చెప్పలేదు."

నారింజ ఒలుస్తున్న మరదలి చేతులు ఆగిపోయాయి.

"నువ్వు చెప్పినా ఎక్కుంటే అది నా ఖర్మ అనుకునేవాణ్ణి," అన్నాడు తమ్ముడు. "ఎక్కాలో వద్దో తేల్చుకునే వీలు కూడా నాకు లేకుండా చేశావక్కా."

రేపటి నుంచి మా అమ్మ వస్తుంది, మీకు శ్రమెందుకని ఆ సాయంత్రం మరదలు మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకంటే తిట్టినా బాగుండేదనిపించింది. అయినా ఆమె రోజూ వెళ్లి, లోపలికి పిలిచేదాకా వరండాలో కూర్చునేది.

ఇప్పుడతను పైకెక్కడు. కర్ర పట్టుకుని కింద నిలబడి, మిగతావాళ్ల చేత పని చేయిస్తాడు. చాలా నెలల తర్వాత ఒక ఉదయం మళ్లీ ఫోన్ చేశాడు. రావచ్చు, రాకపోవచ్చు, సగానికి సగం అవకాశం ఉందని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తానైతే ఎవరినీ ఎక్కించనంది. అతను సరేనని మనుషుల్ని దించేశాడు.

మరదలు మాత్రం ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతుంది. అక్క అందుకు ఆమెను తప్పుపట్టదు.