ఏడేళ్లు దాటిన ఫైలు

సోమవారం పొద్దున్నే రికార్డు రూము తలుపు తీయగానే బీరువా చేసే మొదటి పని మిషన్ మీద దుమ్ము తుడవడం. బీరువా అంటే మనిషే. రాళ్లు కోసే ఆ ఫ్యాక్టరీలో రికార్డులు చూసుకునే గుమాస్తా. తాళం పెట్టి తిప్పితే తప్ప నోరు తెరవడని తోటివాళ్లు అలా పిలుస్తారు. పని మానేసి ఏడేళ్లు నిండినవాళ్ల ఫైళ్లు బయటికి తీసి, కాగితాలు సన్నగా తురిమే ఆ మిషన్‌లో వేయాలి. కంపెనీ రూలు. ఏడే ఎందుకు సార్ అని ఒకసారి మేనేజర్ని అడిగాడు.

"ఎక్కడో ఒకచోట ఆపాలి కదయ్యా. ర్యాకులు సాగవు" అన్నాడు మేనేజరు.

ఫైలు ముక్కలైతే ఆ పని మనిషిలోంచి పోతుందని ఊళ్లో అందరికీ తెలుసు. క్యాంటీన్ వంటవాడి చేతిమీద కాలిన మచ్చ పోయింది, దాంతోపాటు వంట చేయడమూ పోయింది. టైపిస్టు వంకర వేలు తిన్నగా అయింది. లారీ డ్రైవరొకడు తన వారం ఇదేనన్న సంగతి మరిచి బండి తీశాడు. నాలుగు రోడ్ల మధ్యకు వచ్చేసరికి స్టీరింగు పట్టుకుని ఇదేమిటా అని చూస్తూ కూర్చున్నాడు. పనితో వచ్చిన మనుషులు కూడా పనితోనే పోతారు. పాత వాచ్‌మన్, కంపెనీలో పరిచయమై తర్వాత పక్కింట్లోనే దిగిన స్నేహితుణ్ణి గుమ్మంలో నిలబెట్టి "ఎవరు కావాలండీ?" అని అడిగాడు. ఆ స్నేహితుడు చిన్నబుచ్చుకుని ఇంటికెళ్లిపోయాడు.

అందుకే సోమవారాలు గేటు దగ్గర ఆడవాళ్లు నిలబడతారు. "మా ఆయనది ఈ వారమా, పై వారమా?" నడుం పడిపోయిన మొగుళ్లున్నవాళ్లు తొందరగా కానివ్వమంటారు. మిగతావాళ్లు ఇంకొన్నాళ్లు ఆగమని కాళ్లావేళ్లా పడతారు. బీరువా ఇద్దరికీ ఒకటే జవాబు చెబుతాడు: రూలు.

ఒక్కరి విషయంలోనే ఆ రూలు తప్పాడు. ఆమె అతని సొంత అక్క.

అక్క ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు బయట టీ అమ్మేది. కటింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకాయన, ఒళ్లంతా తెల్లటి రాతి పొడితో, రోజూ వచ్చి టీ తాగేవాడు. టీ బాగోలేదని రోజూ చెప్పేవాడు, రోజూ రెండోది తాగేవాడు. అలా ఆయన బీరువాకి బావయ్యాడు. పిల్లలు లేరు. ఒకరికొకరు చాలన్నట్టే ఉండేవాళ్లు. బావ పని మానేసి చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఏడేళ్లు నిండిన వారం అక్క వచ్చి తమ్ముడి చేతులు పట్టుకుంది. అతను నా ఉద్యోగం పోతుందన్నాడు, చివరికి ఆ ఫైలు తీసి విరిగిన ఫ్యాన్ల వెనక దాచాడు. అక్కకి మాత్రం ఫైలంటూ లేదు. ఆమె కంపెనీ మనిషి కాదు కాబట్టి ఆమెకు మర్చిపోయే వీలు కూడా లేదు.

ఆ తర్వాత బావకి దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఆయాసం. డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించి, వెలుతురుకి పెట్టి చూసి, "రాతి దుమ్మమ్మా. లోపల మేట వేసింది. ఇది బయటపడడానికి ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. మందులతో దగ్గు కాస్త తగ్గుతుంది, అంతే" అన్నాడు. పరిహారం అడగడానికి అక్క కంపెనీ ఆఫీసుకి వెళ్తే అక్కడి ఆఫీసరు, "ఏడేళ్లు దాటితే మా దగ్గర పనిచేసినట్టు కాదమ్మా" అని మర్యాదగానే చెప్పి పంపించాడు.

"ఫైలు నా దగ్గరుందిగా అక్కా. తీసుకెళ్లి వాళ్ల మొహాన పడేస్తాను. నా ఉద్యోగం పోతే పోతుంది" అన్నాడు బీరువా.

"చూపిస్తే ఏమిస్తార్రా? ఊపిరిస్తారా?"

అతను మంచినీళ్ల గ్లాసు తెచ్చి అక్క ముందు పెట్టాడు.

"మిషన్‌లో వెయ్యి" అంది అక్క.

"నిన్ను మర్చిపోతాడే."

"మర్చిపోనీ. బతికి ఉంటాడు కదా. పరిచయం చేసుకోవడం నాకు తెలుసులే."

"బావనొక్కసారి అడుగు."

"అడిగితే వద్దంటాడు. నిన్ను మర్చిపోయి బతికే బతుకెందుకు అంటాడు. ఆయన మాటలకేం, బాగానే ఉంటాయి. రాత్రంతా ఆ ఎగశ్వాస వినేది నేను. నావల్ల కావట్లేదురా."

ఆ సోమవారం బీరువా గుండె రాయి చేసుకుని బావ ఫైలు మిషన్‌కి అందించాడు. అది మిగతా వాటిలాగే ముక్కలైంది.

మర్నాడు పొద్దున బావ మంచం మీద లేచి కూర్చుని గుండెల నిండా గాలి పీల్చాడు. అక్క వంటింటి గుమ్మంలోంచి ఆ చప్పుడు విని గోడకి ఆనుకుని ఏడ్చింది. సంతోషమే అది, మొదట్లో. ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు, ఫైలు పోయినవాళ్లందరూ చూసుకున్నట్టే. తర్వాత ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు.

"రాత్రి నాకు చోటిచ్చింది మీరేనాండీ? మీ మేలు మర్చిపోను. ఈ ఊరికి పని కోసం వచ్చాను. రాళ్ల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారట కదా?"

ఆయన మర్చిపోతాడని ఆమెకి తెలుసు. కానీ మర్చిపోయినవాడు ఎక్కడ మొదలుపెడతాడో ఆమె ఆలోచించలేదు.

"అక్కడికి మాత్రం వెళ్లకండి. ఆ దుమ్ము ప్రాణం తీస్తుంది."

"నాకేమవుతుందండీ, దుక్కలా ఉన్నాను" అని నవ్వి, ఆయన రెండేసి మెట్లు దిగుతూ వెళ్లిపోయాడు. వెనక పరిగెత్తిన అక్క వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది, ఆమెకే ఆయాసం వచ్చి.

మధ్యాహ్నం ఆఫీసరు కొత్త మనిషిని వెంటబెట్టుకుని రికార్డు రూముకి వచ్చాడు. "కటింగ్ సెక్షన్‌కి. మంచి ఊపిరి ఉన్న మనిషి. ఫైలు తెరువు."

బీరువా లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది అతని నోరు తాళం లేకుండానే తెరుచుకుంది. "వద్దు సార్. ఈయన ఇంతకుముందు ఇక్కడే పనిచేశాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి చావుదాకా వెళ్లాడు."

"అలాగా? రికార్డుందా?"

బీరువా మిషన్ కింది డబ్బా వైపు చూశాడు. "లేదు సార్."

"మరి?" అని ఆఫీసరు వెళ్లిపోయాడు.

బీరువా బావ చెయ్యి పట్టుకున్నాడు. "నా మాట విను బావా. ఈ పని వద్దు. ఇంటికి పో. అక్క ఎదురుచూస్తోంది."

ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. "మీరెవరో నాకు తెలీదు. నాకు పని దొరికితే మీకేం నష్టమండీ?" కొత్త ఫైలు మీద తనే వంగి సంతకం పెట్టాడు. "కటింగ్ సెక్షన్ ఎటు?"

బీరువా చెప్పలేదు. బావ ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, మిషన్ల మోత వస్తున్న వైపు తనే నడుచుకుంటూ వెళ్లాడు.