దుంపల కొట్టులో బండ

ఆ రోజు ఇంట్లో అయిదుగురున్నారు. కిటికీ పక్క మంచం మీద తుంటి విరిగిన ఆర్వి తాత. పొయ్యి దగ్గర హిల్యా వాళ్ళమ్మ ఐలా. మంచు బూట్లు విప్పడానికి బద్ధకించి గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగుతున్న తైస్తో మామయ్య. తాతకు కట్టు మార్చడానికి వచ్చిన నర్సు మార్కెత్తా. ఎవరి కంటా పడకుండా పొయ్యి వెనక బల్ల మీద ముడుచుకు కూర్చున్న హిల్యా. తాత రాళ్ళను కూడా మనుషుల కింద లెక్కేస్తే మాత్రం ఆ ఇంట్లో కాలు పెట్టడానికి చోటు ఉండేది కాదు. కిటికీ గట్ల మీద రాళ్ళు, మంచం కింద రాళ్ళు, బయట ఆవిరిస్నానాల గది, అదే సౌనా, దాని గోడ వెంట మంచులో కూరుకుపోయిన పెద్ద పెద్ద రాళ్ళు.

తాత ఉద్యోగం పాల లారీ నడపడం. ఆయన ప్రాణం మాత్రం ఆకాశం నుంచి ఉల్కలు పడి చేసిన గుంటల మీద ఉండేది. వేసవి సెలవులు వస్తే చాలు, ఏదో ఒక గుంట చూడటానికి బయలుదేరేవాడు. పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మను తీసుకెళ్ళింది కూడా లప్పయార్వి గుంటకే. ఆయన రాళ్ళు ఏరుతుంటే ఆవిడ ఒడ్డున కూర్చుని మేజోళ్ళు అల్లుకుందట. తర్వాత స్వీడన్, ఎస్టోనియా, ఊరికి ఊరే గుంటలో కూర్చున్న జర్మనీ పట్నం, అన్నీ తిరిగాడు. తిరిగి తిరిగి ఇంటికొచ్చి, తన పెరటి వెనక పళ్ళెంలా గుండ్రంగా ఉన్న కైరా సరస్సు కూడా అలాంటి గుంటేనని తేల్చాడు.

ఆ మాట ఇంకెవరూ తేల్చలేదు. సరస్సుకు ఆగ్నేయంగా ఉన్న పొలాల్లో తాతకు గీతల రాళ్ళు దొరికాయి. గుర్రం తోకలా ఒక కొసన మొదలై విచ్చుకుంటూ పోయే గీతలు. రాతిలో అలాంటి గీతలు పుట్టేంత దెబ్బ ఉల్క తప్ప ఇంకేదీ కొట్టలేదు. కానీ వచ్చి చూసిన రాళ్ళ శాస్త్రవేత్తలు మర్యాదగానే తల ఊపి, ఈ రాళ్ళను మంచుయుగంలో కదిలిన మంచు మోసుకొచ్చింది, ఎక్కడ పుట్టాయో ఎవరికి తెలుసు, నేలలో పాతుకుని కదలని తల్లిబండ మీద ఇవే గీతలు చూపించండి అన్నారు. సరస్సు చుట్టూ ఎక్కడ తవ్వినా బురద, గులకమట్టి. తల్లిబండ దొరకలేదు.

ఇప్పుడు తాత తవ్వలేడు. నడవనూ లేడు.

"ఒరే తైస్తో, రేపు ట్రాక్టరు తీసుకురా. ఈ రాళ్ళన్నీ ఎత్తుకుపో. అడవి దారిలో గుంతలు పూడ్చుకో" అన్నాడు.

మామయ్య కప్పు దించాడు. "జీవితమంతా గుంటలు వెతికినవాడి రాళ్ళు చివరికి గుంతలోకే పోతున్నాయన్నమాట."

"నవ్వకురా" అంది అమ్మ. "నాన్నా, నిజంగానే అంటున్నావా?"

"తల్లిబండ లేకపోతే ఇవి ఉత్త రాళ్ళే. నేను పోయాక నువ్వెలాగూ పారేస్తావు. నా చేత్తో నేను పారేస్తే నాకు తృప్తి."

హిల్యా పొయ్యి వెనక నుంచి ఆ రాళ్ళవైపు చూసింది. వేసవుల్లో ఆ రాళ్ళను బ్రష్షుతో కడిగింది తనే. ఏ రాయి ఏ పొలంలో దొరికిందో తనకు నిద్రలో అడిగినా తెలుసు. కానీ బల్ల మీద ఇంకాస్త ముడుచుకుంది.

నర్సు కట్టు కట్టడం ముగించి కిటికీ గట్టు మీద రాయి ఒకటి అందుకుంది. "ఇదేంటి పెద్దాయనా, దువ్వెనతో దువ్వినట్టుంది. సైమి గారి దుంపల కొట్టులో వెనక గోడ అచ్చం ఇలాగే ఉంటుంది."

తాత తల ఎత్తాడు. "గోడంటే? పేర్చిన రాళ్ళా?"

"పేర్చిందేముంది? మిట్టను తొలిచి తలుపు పెట్టారు. వెనకంతా ఒకటే బండ. వెళ్ళినప్పుడల్లా నాకో సంచి దుంపలు పోస్తుందిగా, చూశాను."

సైమి మామ్మ ఇల్లు సరస్సు అవతలి ఒడ్డున ఉంది. ఆవిడ తాతను గుమ్మం తొక్కనివ్వక చాలా కాలమైంది. ఒక వేసవి సాయంత్రం ఆవిడ సౌనాలో స్నానం చేస్తుంటే, బయట ఈయన మూలరాయి బాగుందని సుత్తితో కొట్టాడు. ఆవిడ తువ్వాలు చుట్టుకుని గరిటెతో బయటికొచ్చింది. ఆ సౌనా ఇప్పటికీ ఒక పక్కకు ఒరిగే ఉంది.

అమ్మ ఫోన్ చేసింది. రెండు మాటలకే దించేసింది. "ఆర్వి పేరు వినగానే పెట్టేసింది."

"వేసవిలో చూద్దాంలే" అన్నాడు మామయ్య.

తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. "వేసవి దాకా ఎవడుంటాడు? ఎత్తుకుపో అన్నాగా."

"నేను వెళతాను" అంది హిల్యా.

అందరూ పొయ్యి వెనక్కి చూశారు.

"నువ్వా?" మామయ్య నవ్వాడు. "దుకాణంలో పాలు అడగడానికి కూడా చీటీ రాసిస్తావు, సైమి మామ్మతో మాట్లాడతావా?"

హిల్యా బల్ల దిగింది. కోటు వేసుకుంది. తాత మెల్లగా ఇటు తిరిగాడు.

"సుత్తి ముట్టుకోకు" అన్నాడు. "టార్చి దీపం తిన్నగా కొట్టకు, పక్కనుంచి పట్టు. గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి పోతుంటే అవి మనకు పనికిరావు, వచ్చెయ్. ఒక కొస నుంచి విచ్చుకుంటే, ఆ కొస ఎటు చూస్తోందో చూడు. ఒక్కటి కనిపించగానే గంతులెయ్యకు. చాలా ఉండాలి. దెబ్బ పడింది అక్కడే కాబట్టి అన్నీ సరస్సు వైపే చూడాలి."

గడ్డకట్టిన సరస్సు మీద హిల్యా ఒంటికాలితో మంచును తన్నుతూ నడిపే తన్నుడు బండి తోసుకుంటూ వెళ్ళింది. కనురెప్పల మీద మంచు పేరుకుంది. ఏం అనాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. అవతలి ఒడ్డు చేరేసరికి ఒక్క మాట మిగల్లేదు.

సైమి మామ్మ వాకిట్లో పారతో మంచు తోస్తోంది. "ఎవరి పిల్లవే?"

వేరే ఎవరి పేరైనా చెప్పేయొచ్చు. "ఆర్వి గారి మనవరాలిని" అంది హిల్యా.

"సుత్తి ఎక్కడ దాచావు?"

హిల్యా కోటు గుండీలు విప్పి రెండు పక్కలా తెరిచి చూపింది. జేబులో దీపం ఒకటే ఉంది.

"నోరు లేదా?"

"ఉంది. మీ దుంపల కొట్టులో బండ చూడాలి. ముట్టుకోను. చూస్తానంతే. రేపు తాత రాళ్ళన్నీ పారేస్తున్నారు."

"పారెయ్యనీ. పీడా పోతుంది." ఆవిడ పార మంచులో గుచ్చింది. "నిన్నటి గాలికి ఆ తలుపు నిండా మంచు కొట్టింది. శనివారం దాకా నేను తియ్యను. మీ తాతలా నేనూ తుంటి విరగ్గొట్టుకోనా?"

హిల్యా వెళ్ళి ఆ పార అందుకుంది. సైమి మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"అలా కాదు, కింద నుంచి. మీ తాతా ఇంతే, ఏదైనా పైనుంచే బాదేవాడు."

హిల్యా కింద నుంచి తవ్వింది. చేతి తొడుగుల లోపల అరచేతులు బొబ్బలెక్కాయి. అటు పొద్దు కూడా కుంగిపోతోంది. తలుపు బయటపడేసరికి సైమి మామ్మ ఇంట్లోకెళ్ళి పెద్ద తాళంచెవి తెచ్చింది.

"త్వరగా కానియ్. చలి లోపలికొస్తే నా దుంపలు గడ్డకడతాయి."

కొట్టులో మట్టివాసన. పెట్టెల నిండా దుంపలు, వాటి వెనక చెమ్మగిల్లిన బండ. దీపం తిన్నగా పడితే అది ఒట్టి బూడిదరంగు గోడ. హిల్యా దీపాన్ని బండకు ఆనించి పక్కనుంచి పట్టింది. గీతలు లేచాయి. అన్నీ ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా. తాత పనికిరావన్నవి ఇవే. తలుపులోంచి వచ్చే మంచు వెలుగు సగం గీతల్ని మింగేస్తోంది కూడా.

"చూశావుగా? ఇక రా!"

హిల్యా రాలేదు. ఒక పెట్టెను ఒడిలోకి లాక్కుని పక్కకు జరిపి, ఆ సందులో మోకాళ్ళ మీద కూర్చుని, దీపం నేల దగ్గర పెట్టింది. అక్కడ గీతలు కలుస్తున్నాయి. బొటనవేలంత కొస దగ్గర కలిసి, అక్కణ్ణుంచి జుట్టు విరబోసుకున్నట్టు కిందికి విచ్చుకున్నాయి. కొస సరస్సు వైపు ఉంది. గంతులెయ్యలేదు. పక్కకు జరిగింది. ఇంకొకటి. దాని కొసా అటే.

"ఉందా లేదా?" సైమి మామ్మ తల లోపలికి పెట్టింది.

"రెండున్నాయి. చాలా ఉండాలి. గోడంతా చూడాలి."

"గోడంతానా? దుంపలు చస్తాయి!"

"అయితే తలుపు వేసెయ్యండి మామ్మా. నేను లోపలే ఉంటాను."

"చీకట్లోనా?"

"చీకట్లోనే బాగా కనిపిస్తాయి."

ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది. "మీ ఇంటికి ఫోన్ చెయ్యనా? ఏమని చెప్పను?"

"రేపు రాళ్ళు కదపొద్దని."

"వాడితో నేను మాట్లాడను."

"మామయ్యతో చెప్పండి. మామయ్య ఇంకా గుమ్మంలోనే ఉండి ఉంటాడు."

"ఈ పిల్లకు నోరు లేదన్నదెవరు?" అంటూ సైమి మామ్మ హిల్యాను లోపల ఉంచి తలుపు మూసింది.